రెండు దీవులు, ఒక రైల్వే బజారు: ఎవరి ఖర్చు ఎవరి ఖాతాలో?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీని ఆనుకుని ఉండే బుధ్వారీ బజారులో వ్యాపారం నెల పొడవునా ఒకే తీరుగా సాగదు. జీతాలు, పింఛన్లు బ్యాంకు ఖాతాల్లో పడిన మొదటి వారంలో ఒక ఊపు ఉంటుంది. ఇరవయ్యో తేదీ దాటాక మందగమనం మొదలవుతుంది. మొదటి వారంలో తీరిన కిరాణా బాకీనీ, కొన్న బియ్యం బస్తానూ, మనవడికి తీసిన చెప్పుల జతనూ జాతీయ గణాంకాలు ఒకే పేరుతో పిలుస్తాయి: ప్రైవేటు తుది వినియోగ వ్యయం. ఆ డబ్బు సర్కారు కొలువు ద్వారా వచ్చిందన్న సంగతి ఆ గడిలో కనిపించదు. పక్కనున్న ప్రభుత్వ తుది వినియోగ వ్యయం గడిలో వెదికినా దొరకదు. బడిపంతులు జీతం అక్కడ లెక్కకు వస్తుంది కాని లోకో పైలట్ జీతం రాదు. టిక్కెట్టు డబ్బులు, సరుకు రవాణా చార్జీలు వసూలు చేసే రైల్వేను గణాంక శాస్త్రం వాణిజ్య సంస్థగా పరిగణిస్తుంది. దాని జీతాలు రవాణా సేవను తయారు చేసే ఖర్చులో కలిసిపోతాయి. అంటే ఊరిలో సగానికి సర్కారు కొలువే ఆధారమైనా, కాగితం మీద మాత్రం అది స్వేచ్ఛా వినియోగదారులతో కళకళలాడే పట్టణం.

ఈ వ్యత్యాసం పండితులకు పట్టకపోవచ్చు కాని ఊరికి బాగా తెలుసు. 1996లో బిలాస్‌పూర్ జనం రైల్వే జోన్ కోసం వీధికెక్కినప్పుడు వారు అడిగింది ఒక కార్యాలయ భవనాన్ని కాదు. ప్రధాన కార్యాలయం వస్తే దానితోపాటు జీతాలు, క్వార్టర్లు, గుత్తేదారులు, టీ కొట్లు వస్తాయని వారికి తెలుసు. ఆగ్నేయ మధ్య రైల్వే 2003లో పూర్తి స్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. అంతకుముందే సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయమూ, 2000లో రాష్ట్రం ఏర్పడ్డాక హైకోర్టూ ఈ ఊరికే వచ్చాయి. కీన్స్ పేరు విననివారు కూడా గుణక సిద్ధాంతం కోసం లాఠీ దెబ్బలు తిన్న ఊరు ఇది.

ఈ నేపథ్యం గుర్తుంచుకుంటే, రెండు చిన్న దేశాల వినియోగ వ్యయాన్నీ ప్రభుత్వ వ్యయాన్నీ పక్కపక్కన పెట్టి తీర్పులు చెప్పే అలవాటు ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. అందుకు మారిషస్, ఫిజీలను మించిన జంట దొరకదు. రెండూ బ్రిటిష్ పాలనలో చెరకు తోటలుగా మారిన దీవులు. రెండు చోట్లకూ భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. మారిషస్‌కు 1834 నుంచి, ఫిజీకి 1879 నుంచి. మారిషస్ తోటల్లో తెలుగువారిని కొరంగివారని పిలిచేవారంటే, కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినవారు కనుక. ఫిజీకి దక్షిణాది కూలీల ఓడలు 1903లో మొదలయ్యాయి. ఆ తరంలోనే ఉత్తరాంధ్ర నుంచి మరో ప్రవాహం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పట్టాల వెంట ఖరగ్‌పూర్‌కూ, బిలాస్‌పూర్‌కూ సాగింది. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ మార్గం పూర్తికావడంతో అది మరింత బలపడింది. ఓడ ఎక్కినవారి వారసులు రెండు దేశాల పౌరులయ్యారు. రైలు ఎక్కినవారి వారసులు ఒక ప్రభుత్వ శాఖకు ఉద్యోగులు, పింఛనుదారులు అయ్యారు.

1968 మార్చిలో మారిషస్, 1970 అక్టోబరులో ఫిజీ స్వతంత్రమయ్యాయి. ఆ దశాబ్దంలో తలసరి ఆదాయంలో ఫిజీయే ముందుండేది. భూమి చూస్తే ఫిజీది 18 వేల చదరపు కిలోమీటర్లు, మారిషస్‌ది 2 వేల పైచిలుకు మాత్రమే. ఐరోపా మార్కెట్టుకు హామీ ధర మీద చక్కెర అమ్ముకునే లోమే ఒప్పందం 1975లో కుదిరినప్పుడు అతిపెద్ద కోటా మారిషస్‌కూ, రెండో పెద్ద కోటా ఫిజీకీ దక్కాయి. 2006 నుంచి ఐరోపా ఆ ధరను 36 శాతం తగ్గించడం మొదలుపెట్టినప్పుడు దెబ్బ రెంటికీ తగిలింది. నేడు సుమారు 12 లక్షల మందికి పైగా ఉన్న మారిషస్ తలసరి ఆదాయం, 9 లక్షలకు అటూ ఇటూగా ఉన్న ఫిజీ తలసరి ఆదాయానికి దాదాపు రెట్టింపు.

ఇక ఖర్చు గడులు. రెండు దేశాల్లోనూ కుటుంబాల వినియోగం జీడీపీలో మూడింట రెండు వంతులకు కాస్త పైన ఉంటుంది. ప్రభుత్వ వినియోగ వ్యయం మారిషస్‌లో ఆరో వంతుకు దగ్గరగా, ఫిజీలో ఐదో వంతుకు దగ్గరగా తిరుగుతుంది. (భారతదేశంలో మొదటిది 60 శాతం చుట్టూ, రెండోది 10 శాతం చుట్టూ ఉంటాయి.) ఈ నాలుగు సంఖ్యలు మాత్రమే చూసినవారు ఇట్టే ఒక కథ అల్లేస్తారు. మారిషస్‌లో ప్రభుత్వం చిన్నది, మార్కెట్టు పెద్దది, అందుకే అది గెలిచింది. ఫిజీలో ప్రభుత్వం లావెక్కింది, అందుకే వెనకబడింది. ఢిల్లీ టీవీ చర్చల్లో ఈ తరహా కథలకు గిరాకీ ఎక్కువ. కథ చక్కగానే ఉంది, నిజానికి పూర్తిగా తలకిందులు.

మారిషస్ వినియోగదారుడి జేబులోకి తొంగిచూస్తే అక్కడ ప్రభుత్వమే కనిపిస్తుంది. వృద్ధాప్య పింఛను ఆ దేశంలో 1950లో పేదలకు మాత్రమే మొదలై, 1958లో అందరిదీ అయింది. స్వాతంత్ర్యానికి పదేళ్ల ముందు, చెరకు తప్ప మరో ఆధారం లేని ఒక వలస దీవి తన ముసలివారందరికీ ఆదాయ పరీక్ష లేకుండా పింఛను ఇవ్వడానికి సాహసించింది. 1961లో జేమ్స్ మీడ్ నాయకత్వంలో వచ్చిన నిపుణుల నివేదిక ఆ దేశ జనాభా పెరుగుదల చూసి భవిష్యత్తు మీద నిరాశే వెలిబుచ్చింది. అయినా పింఛను ఆగలేదు. 1970లలో ఎగుమతి మండలాలు, ఆ తరవాత ఉచిత మాధ్యమిక విద్య, 2005లో వృద్ధులకూ విద్యార్థులకూ ఉచిత బస్సు ప్రయాణం వచ్చి చేరాయి. ఇక్కడ గణాంక శాస్త్రపు కిటుకు ఒకటి ఉంది. బడిపంతులుకు ఇచ్చే జీతం ప్రభుత్వ వినియోగం. పింఛను మాత్రం బదిలీ చెల్లింపు. ప్రభుత్వం ఇచ్చినప్పుడు అది ఏ గడిలోనూ పడదు. ముసలామె దానితో రొట్టె కొన్నప్పుడు ప్రైవేటు వినియోగంగా పుడుతుంది. మారిషస్ మార్కెట్టు పెద్దదిగా కనిపించడానికి ఆ పుట్టుక ఒక ముఖ్య కారణం.

ఈ పింఛను చుట్టూ తిరిగిన రాజకీయం చదవదగినది. 2004లో పాల్ బెరాంజే ప్రభుత్వం బాగా ఉన్నవారికి పింఛను ఆపుతూ ఆదాయ పరీక్ష పెట్టింది. 2005 ఎన్నికల్లో ఓడిపోయింది. గెలిచిన నవీన్ రామ్‌గులాం ఆ పరీక్షను రద్దు చేశారు. 2014 డిసెంబరులో 3,600 రూపాయల చిల్లర ఉన్న పింఛనును ఒకేసారి 5,000 చేస్తామన్న కూటమి ఆయననే ఓడించింది. 2019లో అదే పక్షం ముందు 9,000, పదవీకాలం ముగిసేలోపు 13,500 అన్నది, మళ్లీ గెలిచింది. వేలంపాట అన్న మాట ఇక్కడ అతిశయోక్తి కాదు. దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు అరవై దాటినవారు. జననాల రేటు ప్రత్యామ్నాయ స్థాయికి చాలా దిగువన ఉంది. వ్యాట్ 2002 నుంచి 15 శాతం దగ్గరే ఉంది. పాట పెరిగింది కాని పాట పాడినవారెవరూ పన్ను మాట ఎత్తలేదు.

2024 నవంబరు ఎన్నికల్లో రామ్‌గులాం కూటమి ప్రధాన ద్వీపంలోని 60 స్థానాలకు 60 గెలిచింది. నెల తిరగకముందే కొత్త ప్రభుత్వం ఆర్థిక స్థితిపై ఒక నివేదిక విడుదల చేసి, పాత ప్రభుత్వం అంకెలను ఉబ్బించిందనీ, 2023 వృద్ధి 7 శాతం కాదు, 5.6 శాతమేననీ ప్రకటించింది. అప్పు జీడీపీలో 90 శాతానికి చేరువైంది. 2025 జూన్ 5న ఆర్థికశాఖ కూడా తన దగ్గరే ఉంచుకున్న ప్రధాని, బడ్జెట్‌లో పింఛను వయసును 60 నుంచి 65కు దశలవారీగా పెంచుతున్నట్టు చెప్పారు. ఓట్లు అడిగిన ఏడు నెలల క్రితం ఈ మాట చెప్పలేదు. కార్మిక సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. ఆ తరవాత, 60–65 మధ్య ఉన్న అల్పాదాయ వర్గాలలో అర్హులకు నెలకు 10,000 రూపాయల సహాయం అంటూ ఒక మెట్టు దిగారు. 2005లో అందరికీ పింఛను తిరిగి ఇచ్చిన వ్యక్తే, 2025లో అర్హతకు మళ్లీ ఆదాయం చూడాల్సిన చోటికి దేశాన్ని తెచ్చారు.

లెక్క ప్రకారం చూస్తే వయసు పెంపు తప్పనిసరి అని వాదించేవారు తప్పు చెప్పడం లేదు. కాని లెక్కకూ న్యాయానికీ మధ్య దూరం ఉంది. అరవై ఏళ్ల బ్యాంకు అధికారి మరో ఐదేళ్లు ఆగగలడు. అరవై ఏళ్ల చెరకు కోత కూలీ వెన్నెముక ఆగదు. 2014, 2019 పెంపులకు తగిన పన్నును అప్పుడే, సంపన్నుల ఆదాయం మీద, చక్కెర తోటలను విల్లాలుగా మార్చి అమ్ముకున్న భూముల మీద వేసి ఉంటే ఈ భారం ఇప్పుడు శ్రామికుడి ఐదేళ్ల మీద పడేది కాదు. పింఛను ఇవ్వడం తప్పు కాదు. దాని ఖరీదును పదేళ్లు దాచిపెట్టడమే తప్పు.

ఫిజీ వినియోగదారుడి జేబులో కనిపించేది వేరే ముఖం. అక్కడ దేశం విడిచి వెళ్లినవారు కనిపిస్తారు. 1987 మే 14న తొలి సైనిక తిరుగుబాటు జరిగింది. భారతీయ కూలీలతో లియోనిడాస్ ఓడ ఫిజీ తీరం చేరింది 1879 మే 14న. చరిత్రకు ఇటువంటి తేదీలు ఎవరు ఎంచిపెడతారో తెలియదు. 2000లో, 2006లో మళ్లీ తిరుగుబాట్లు. భూమిలో దాదాపు 90 శాతం ఇతౌకీ తెగలది కావడంతో, 1976 చట్టం కింద 30 ఏళ్లకు తీసుకున్న చెరకు భూముల కౌళ్లు 1990ల చివరి నుంచి ముగుస్తూ వచ్చాయి. అనేకం మళ్లీ దక్కలేదు. ఒకప్పుడు జనాభాలో సగం వరకూ ఉన్న భారతీయ సంతతి నేడు మూడో వంతు చుట్టుపక్కలకు వచ్చింది. ఉపాధ్యాయులు, నర్సులు, మెకానిక్కులు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ చేరారు. ఇప్పుడు ఇతౌకీ యువకులు కూడా తాత్కాలిక కూలీలుగా ఆ దేశాల తోటలకూ, మాంసం కర్మాగారాలకూ వెళుతున్నారు.

వారు పంపే డబ్బు 2022లో వంద కోట్ల ఫిజీ డాలర్లు దాటింది. జీడీపీతో పోలిస్తే దాదాపు పదో వంతు. పర్యాటకం తరవాత విదేశీ మారకానికి అతిపెద్ద ఆధారాల్లో అదొకటి. ఈ డబ్బుతో నాందీలోనో లంబాసాలోనో కుటుంబం సరుకులు కొంటే వినియోగదారుల వ్యయం పెరుగుతుంది. దేశంలో దానికి సరిపడా ఉత్పత్తి జరిగిందని అర్థం కాదు. మెల్‌బోర్న్ వృద్ధాశ్రమంలో రాత్రి విధులు చేసిన ఒక ఫిజీ నర్సు శ్రమ, సువాలో ఫ్రిజ్ అమ్మకంగా మారింది. ఆమెను తయారు చేసిన నర్సింగ్ బడి జీతాలు మాత్రం ఫిజీ ప్రభుత్వ వినియోగ వ్యయం గడిలో నమోదై ఉంటాయి. ఫిజీ ప్రభుత్వం లావుగా ఉందని ఎత్తిచూపేవారు ఈ సంగతి కూడా చెప్పాలి. ఆ ఖర్చులో కొంత ఆస్ట్రేలియాకు చేసిన ఉచిత ఎగుమతి.

పర్యాటకం విషయంలో మరో చిన్న మెలిక. రెండు దేశాలకూ ఏటా తమ జనాభాతో సమానంగానో, ఇంకాస్త ఎక్కువగానో విదేశీ యాత్రికులు వస్తారు. ఒకే హోటల్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే చేపల కూర తిన్నా, స్థానికుడి బిల్లు వినియోగం, యాత్రికుడి బిల్లు ఎగుమతి.

కోవిడ్ కాలం ఈ రెండు సమాజాల తేడాను ఏ పట్టికకంటే స్పష్టంగా చూపింది. 2020లో మారిషస్ ఆర్థిక వ్యవస్థ 14 శాతానికి పైగా, ఫిజీది సుమారు 17 శాతం కుంగాయి. మారిషస్ ప్రభుత్వం ప్రైవేటు ఉద్యోగుల జీతాలకు సాయం అందించింది. అందుకు కేంద్ర బ్యాంకు నుంచి 6,000 కోట్ల రూపాయలు గ్రాంటుగా తీసుకుంది. రూపాయి బలహీనపడింది, ధరలు పెరిగాయి, అప్పు పెరిగింది. ఫిజీలో ఉపాధి పోయినవారిని 1966లో ఏర్పడిన జాతీయ భవిష్య నిధి నుంచి తమ సొంత పొదుపు తీసుకోమన్నారు. ఖాతాలో చాలినంత లేనివారికి ప్రభుత్వం కొంత కలిపింది. రెండు చోట్లా కిరాణా కొట్టు తెరిచే ఉంది. రెండు చోట్లా వినియోగ వ్యయం పూర్తిగా కూలిపోకుండా నిలబడింది. ఒకచోట దేశం ఉమ్మడిగా అప్పు చేసింది. రెండోచోట ఒక్కొక్క కార్మికుడూ తన ముసలితనం నుంచి తానే అప్పు తీసుకున్నాడు. మారిషస్ అప్పు అంకె చూసి పెదవి విరిచే మూల్యాంకన సంస్థలకు ఫిజీ కార్మికుడి రెండో రకం అప్పు ఏ పట్టికలోనూ కనిపించదు.

ఫిజీ వ్యాట్ ప్రయాణం ఒక్కటే చాలు అక్కడి రాజకీయ అస్థిరత చెప్పడానికి. 1992లో 10 శాతంతో మొదలై, 2003లో 12.5, 2011లో 15, 2016లో ఏకంగా 9, 2023 ఆగస్టులో మళ్లీ 15, 2025 ఆగస్టులో 12.5. మారిషస్ ప్రభుత్వం ఓటరుకు పింఛను పెంచి దగ్గరైతే, ఫిజీ ప్రభుత్వం పన్ను తగ్గించి దగ్గరవుతుంది. మొదటి తిరుగుబాటు నడిపిన సితివేణి రబుకాయే 2022 చివర నుంచి ఎన్నికైన ప్రధాని. ఆయన ప్రభుత్వం మొదట పన్ను పెంచి అప్పు నిష్పత్తిని 90 శాతం దరిదాపుల నుంచి 80 శాతానికి చేరువగా దించింది. ఎన్నికలు దగ్గరపడగానే తగ్గింపు వచ్చింది. గంటకు 5 డాలర్ల కనీస వేతనం 2025 ఏప్రిల్లో అమలైంది. ఆ వేతనం మంచి నిర్ణయమే. కాని పసిఫిక్ అవతల అంతకు ఎన్నో రెట్లు వచ్చే చోటు ఉన్నంతకాలం కూలీని నిలుపుకోవడానికి అది చాలదు.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే ఒక పక్క విషయం. మారిషస్‌లో ఉగాది జాతీయ సెలవు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు బోధించే ఉపాధ్యాయుల జీతం ఖజానా నుంచే వస్తుంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలకు ఆ దేశం ఆతిథ్యమిచ్చింది. ఫిజీలో తెలుగును నిలిపిన శ్రమ ప్రధానంగా 1926లో పుట్టిన సంగం, 1941 నాటి ఆంధ్ర సంగం వంటి సంస్థలది. గుడి హుండీ, పెళ్లి చందా, దాతల విరాళం ఆ భాషకు ఇంధనం. ఒకే భాష ఒక దేశంలో ప్రభుత్వ వ్యయంగా, మరో దేశంలో ప్రజల వ్యయంగా బతుకుతోంది. మారిషస్‌లో కూడా తెలుగు ఇంటి భాషగా చాలావరకు పోయి క్రియోల్ వచ్చేసిందన్నది వేరే సంగతి. ఖజానా ఉపాధ్యాయుడిని ఇవ్వగలదు కాని అమ్మమ్మను ఇవ్వలేదు.

ఇక దిగుమతుల మాట. చిన్న దేశంలో వినియోగానికి తోడ్పడే రూపాయి ఎంతోసేపు దేశంలో తిరగదు. బియ్యం, గోధుమపిండి, నూనె, ఇంధనం, ఫోను, కారు అన్నీ ఓడ మీద రావాల్సిందే. పోర్ట్ లూయిస్‌లో పింఛను పెరిగితే లాభపడేవారిలో భారత బియ్యం ఎగుమతిదారులు కూడా ఉంటారు. రైల్వే పట్టణానికీ ఇదే జబ్బు ఉంది. బిలాస్‌పూర్ జీతం సబ్బుగా, సెల్‌ఫోనుగా మారి బయటికి పోతుంది. తరాల పాటు మనియార్డరుగా కూడా పోయింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో రైల్వే ఉద్యోగి కట్టించిన డాబా ఇల్లు బిలాస్‌పూర్‌లో ఖర్చుకాని జీతమే. ఆ లెక్కన బిలాస్‌పూర్ తెలుగువాడు ఉత్తరాంధ్రకు ఫిజీ ప్రవాసి వంటివాడు, సొంత ఊరికి సంబంధించినంతవరకు. ఉన్న ఊరికి సంబంధించినంతవరకు మారిషస్ పింఛనుదారుడి వంటివాడు. అతని ద్వారా ఖజానా సొమ్ము బజారు చేరుతుంది.

ఈ రెండు దీవుల కథ ఛత్తీస్‌గఢ్‌కూ, తెలుగు రాష్ట్రాలకూ దూరంగా లేదు. 2023 డిసెంబరులో గెలిచిన పార్టీ ఇచ్చిన మాట ప్రకారం 2024 మార్చి నుంచి మహతారీ వందన్ పథకం కింద సుమారు 70 లక్షల మంది వివాహిత స్త్రీలకు నెలకు 1,000 రూపాయలు చేరుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధులకు 4,000 రూపాయల పింఛను 60 లక్షలకు పైగా ఉన్న లబ్ధిదారుల్లో అధికభాగానికి అందుతోంది. వీటిని "ఉచితాలు" అని ఈసడించేవారు మారిషస్ 1958ని ఒకసారి చదవాలి. నగదు చేతికి అందిన స్త్రీ ఇంట్లో మాట చెల్లుబాటు చేసుకుంటుంది, బజారులో అప్పు పుట్టించుకోగలుగుతుంది. దీన్ని తక్కువ చేయడం కడుపు నిండినవారి అలవాటు.

కాని ఒక హెచ్చరిక అవసరం. నగదు బదిలీ నాయకుడికి ఇష్టమైన ఖర్చు కావడానికి కారణం ఉంది. దానికి తేదీ ఉంటుంది, పేరు ఉంటుంది, ఫోనుకు సందేశం వస్తుంది. ఆరోగ్య కేంద్రంలో నర్సు నియామకానికి అవేవీ ఉండవు. 2014 నవంబరులో బిలాస్‌పూర్ జిల్లా పెండారిలో ఒకే రోజు, కొన్ని గంటల్లో, 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. వారిలో 13 మంది చనిపోయారు. అలా ఆపరేషను చేయించుకునే పేద స్త్రీకి ప్రభుత్వం ప్రోత్సాహక నగదు ఇస్తుంది. జాతీయ లెక్కల్లో ఆ నగదు బదిలీ అవుతుంది, ఖర్చయ్యాక ప్రైవేటు వినియోగం అవుతుంది. శిబిరం ప్రభుత్వ వినియోగ వ్యయం అవుతుంది. రెండు గడులూ నిండుతాయి. ప్రభుత్వ సేవకు మార్కెట్టు ధర లేదు కనుక గణాంక శాస్త్రం దాన్ని అయిన ఖర్చుతోనే కొలుస్తుంది. చేతులు కడుక్కుని పనిచేసిన వైద్యుడి జీతమూ, కడుక్కోని వైద్యుడి జీతమూ అక్కడ సమానం.

కనుక ప్రభుత్వ వ్యయం ఎంత శాతమన్న ప్రశ్న మీద గొంతు చించుకునే రెండు వర్గాలూ, పెంచాలనేవారూ తగ్గించాలనేవారూ, అసలు ప్రశ్నను దాటిపోతున్నారు. ఛత్తీస్‌గఢ్ బడ్జెట్‌లో నెలనెలా తప్పని నగదు భాగం పెరిగే కొద్దీ, ఖాళీగా ఉంచడానికి వీలైన భాగం మీద, అంటే ఉపాధ్యాయ, నర్సు, ఇంజనీరు పోస్టుల మీద ఒత్తిడి పెరుగుతుంది. పింఛను ఆపితే వీధి పోరాటం జరుగుతుంది. పోస్టు ఖాళీగా ఉంచితే ఏమీ జరగదు. ఈ అసమానతను ప్రతిపక్షాలు కూడా ప్రశ్నించడం లేదు. వారి ప్రణాళికలోనూ అదే నగదు, మరికొంత పెద్ద అంకెతో ఉంది.

రైల్వే పింఛను విషయంలోనూ మారిషస్ నీడ పడుతోంది. భారతీయ రైల్వేలో పనిచేస్తున్నవారు సుమారు 12 లక్షలు. పింఛను అందుకుంటున్నవారు అంతకంటే ఎక్కువ. ఆ పద్దు ఏటా 60 వేల కోట్ల రూపాయలు దాటింది, దాన్ని రైల్వే తన రాబడి నుంచే భరించాలి. కోర్బా బొగ్గు మోసి బిలాస్‌పూర్ డివిజను సంపాదించిన రవాణా చార్జీలో ఒక వాటా దేశమంతటి పింఛనుదారుల కిరాణా సామానుగా మారుతుంది. 2004 జనవరి 1 తరవాత చేరినవారిని కొత్త పింఛను పద్ధతిలోకి తోసి, మార్కెట్టు లాభనష్టాలను వారి భుజాన వేశారు. అది ఫిజీ భవిష్య నిధి దారి. 2022లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర ఉద్యోగులకు పాత పింఛను తిరిగి ప్రకటించింది. అది మారిషస్ దారి, ఆ ఖరీదు మాట చెప్పకపోవడంతో సహా. 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం తెచ్చిన ఏకీకృత పింఛను పథకం, 25 ఏళ్ల సర్వీసు నిండినవారికి చివరి ఏడాది సగటు మూలవేతనంలో సగం హామీ ఇస్తూ, రెండు దారుల మధ్య నడవాలని చూస్తోంది.

అయితే ఆ హామీ రైల్వే గుమ్మం లోపలివారికే. బిలాస్‌పూర్ స్టేషనులో పట్టాలు శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికురాలికీ, సరుకు షెడ్డులో రోజు కూలీకీ, తోర్వా వైపు బండి మీద కూరగాయలు అమ్మే మనిషికీ మిగిలేది ప్రభుత్వ వృద్ధాప్య పింఛను. అందులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200 రూపాయలు. 2007 నుంచి ఆ మొత్తం మారలేదు.